మోకాలు వంచని మనిషి
(‘నాలుగు పబ్బుల దారి’ – తొమ్మిదో భాగం)

పొయ్యి మీద బంగాళాదుంపలు మాడిపోతున్నా లేవకుండా, నూలా ట్రేనర్ కొడుకుతో చెప్పకూడని నిజం చెప్పేసింది. పోయిన వారం మనం అక్కడున్నాం. అప్పుడు లేనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

నూలా కొడుకు ఫింటన్ ఆరేళ్లుగా డబ్లిన్‌లో వచ్చేపోయేవాళ్లను వెంటబెట్టుకుని నాలుగు పబ్బులు తిప్పుతాడు. పబ్బుకో గ్లాసు విస్కీ రుచి చూపిస్తాడు, గ్లాసుకో కథ చెబుతాడు. అన్నిటికన్నా ఎక్కువ నవ్వులు పండేది మూడో పబ్బులో చెప్పే రాగి గొట్టం కథ. అరవై ఏళ్ల కిందట, ఇప్పుడు మూతబడిన ఒక డిస్టిలరీలో, క్రిస్టీ లాలర్ అనే పనివాడు మూరెడు రాగి గొట్టంలో విస్కీ నింపి, ప్యాంటు లోపల కాలికి కట్టుకుని పోబోయాడు. గేటు దగ్గర వరసలో ఉండగా చర్చిలో ఆరింటి గంట మోగింది. అందరూ టోపీలు తీసి ప్రార్థన చెప్పుకుంటూ, దేవుడు మనిషిగా పుట్టాడనే వాక్యం దగ్గర మోకాలు వంచారు. క్రిస్టీ ఒక్కడే గుంజలా నిలబడిపోయాడు. అతన్ని వెనకనుంచి చూసి పట్టిచ్చిన నిజాయితీపరుడు ఫింటన్ తాత, పీపాలు చేసే బార్నీ ట్రేనర్.

ఇదీ కథ. నిజం వేరు. గొట్టం బార్నీదే. రోజూ గంటకి ముందే గేటు దాటిపోయే మనిషి ఆ రోజు తనిఖీ వల్ల వరసలో చిక్కుకుపోయాడు. మోకాలు వంచాల్సి వస్తుందని తెలిసి, కోటు చాటున గొట్టం ఊడదీసి, ముందు నిలబడ్డవాడి జేబులోకి జార్చాడు. ముందు నిలబడ్డవాడు క్రిస్టీ. ఈ సంగతి ముసలాయన పోయేముందు కూతురి చెవిన వేసి పోయాడు. ఆమె ముప్ఫై ఏళ్లు కడుపులో దాచుకుంది. ఎవరో ఫోన్‌లో తీసి లోకం మీదికి వదిలిన వీడియోలో తన కొడుకు కుంటి నడక నడిచి చూపిస్తుంటే, జనం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, ఇక దాచుకోలేకపోయింది.

“నిజం చెప్పమని నిన్ను అడగడం లేదురా. ఆ కథ మానెయ్. అంతే” అంది నూలా.

మానేస్తానని ఫింటన్ మాటిచ్చాడు. అది గురువారం. ఇవాళ శనివారం.

మధ్యాహ్నం మూడున్నరకి మొదటి పబ్బు ముందు ఎనిమిది మంది చేరారు. మే నెల కదాని గొడుగు తేనివాళ్లంతా తలుపు దగ్గర తడిసి ఉన్నారు. నలుగురు స్వీడన్ స్నేహితులు, ఒక డచ్చి జంట, కెనడా నుంచి ఒంటరిగా వచ్చిన ఒకాయన, ఇంకా ఒక పెద్దావిడ. జాబితాలో ఆవిడ పేరు బ్రీడా హాకిన్స్, ఊరు కవెంట్రీ. వయసు డెబ్బైకి దగ్గర. చేతిలో బరువైన సంచి. కోటు మీద చిన్న బ్యాడ్జి ఉంది. జన్మలో మందు ముట్టనని చర్చిలో ఒట్టు పెట్టుకున్నవాళ్లు పెట్టుకునే బ్యాడ్జి అది.

ఫింటన్ నోరు ఊరుకునే రకం కాదు. “పెద్దమ్మగారూ, ఆ బ్యాడ్జి పెట్టుకుని విస్కీ నడకకి వచ్చారంటే మీ ధైర్యానికి దణ్ణం పెట్టాలి” అన్నాడు.

“తాగనని ఒట్టు పెట్టుకున్నాను బాబూ. వాసన చూడనని కాదు” అందావిడ.

అందరూ నవ్వారు. ఆ యాస కవెంట్రీది కాదు, ఇక్కడికి రెండు వీధుల అవతలిది. అది ఫింటన్ చెవికి తగిలింది గాని బుర్రకి ఎక్కలేదు. గైడుకి మొదటి పావుగంటలో వెయ్యి పనులుంటాయి. గ్లాసు కాడ పట్టుకోవాలని, ముక్కు లోపలికంటా పెట్టొద్దని, నోరు కొంచెం తెరిచి వాసన పీల్చాలని, తరవాత ఒక్క చుక్క నీళ్లు కలిపి మళ్లీ చూడాలని చెప్పాడు. నీటి చుక్క పడగానే పండిన ఆపిల్ వాసన వచ్చిందని డచ్చి ఆవిడ మురిసిపోయింది. బ్రీడా హాకిన్స్ కూడా వాసన చూసి, గ్లాసును పక్కనున్న స్వీడన్ కుర్రాడి ముందుకు జరిపింది. రెండో పబ్బులోనూ అంతే. ఆ కుర్రాడు ఆవిడ పక్కనుంచి కదలడం మానేశాడు.

మూడో పబ్బుకి నడుస్తున్నంత సేపూ ఫింటన్ వేరే కథ వెతుక్కున్నాడు. పీపాలోంచి ఏటా ఎంత విస్కీ గాలికి ఆవిరైపోతుందో చెప్పొచ్చు. కొత్తగా పనిలో చేరినవాణ్ణి పీపాలో కూర్చోబెట్టి, మసి పూసి దొర్లించే వేడుక గురించి చెప్పొచ్చు. కథలకేం కొదవ లేదు. కానీ కోటు లోపలి జేబులో, కథలో చూపించడానికి తాత సామాన్లలోంచి తీసుకున్న రాగి గొట్టం ఉంది. పొద్దున ఇంట్లో వదిలేద్దామనే తీశాడు. చెయ్యి మాత్రం ఆరేళ్ల అలవాటు కొద్దీ జేబులోనే పెట్టింది. వెంట తెచ్చుకున్నవాడు వాడకుండా ఉంటాడా అని మీరడిగితే, పాపం ఫింటన్ కూడా తనని తాను అదే అడుగుతున్నాడు.

గ్లాసులు వచ్చాయి. బార్లీ ఘాటు గొంతులో మిరియంలా దిగే పాతకాలపు విస్కీ. ఫింటన్ పీపాల్లో విస్కీ ఆవిరవడం గురించి మొదలుపెట్టాడు. స్వీడన్ వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. వాళ్లలో పొడుగ్గా ఉన్నవాడు, తాము వీడియో చూసే ఈ నడకకి డబ్బు కట్టామని, కాలికి కట్టుకునే గొట్టం ఎక్కడని అడిగాడు. కౌంటర్ వెనకనుంచి పాస్కల్ అందుకున్నాడు. పాస్కల్ ఈ పబ్బులో ముప్ఫై ఏళ్లుగా గ్లాసులు తుడుస్తున్నాడు. ఫింటన్ కథ ఫింటన్ కన్నా బాగా వచ్చు.

“ఏరా, నీ దొంగకి ఇవాళ సెలవిచ్చావా?” అన్నాడు.

ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. ఒంట్లో బాగోలేదనొచ్చు, గొట్టం తేలేదనొచ్చు. ఎనిమిది జతల కళ్లు అతని మీద నిలిచాయి. అలా నవ్వడానికి సిద్ధమైపోయిన ముఖాలను చూస్తే ఫింటన్ ఎప్పుడూ లొంగిపోతాడు. పోనీ పేరు మార్చి చెబుదాం అనుకున్నాడు. గొట్టం తీసి పైకెత్తాడు. రాగి గొట్టం, ఒక కొసకి బిరడా, రెండో కొసకి పాతకాలపు పెన్నీ నాణెం టంకం పెట్టి అతికించి ఉంది. నాణెం మీద కోడిపెట్ట, దాని కాళ్ల దగ్గర పిల్లలు.

“ఈ గొట్టం కాలికి కట్టుకున్న మనిషి పేరు క్రిస్టీ లాలర్” అన్నాడు.

నాలుక దాని దారిన అది పోయింది. తరవాత ఆపడం అతని వల్ల కాలేదు. గంట మోగించాడు. టోపీ తీశాడు. కాలు బిగబట్టి టేబుళ్ల మధ్య అటూ ఇటూ కుంటుతూ నడిచాడు. మోకాలు వంచబోయి వంచలేక, గేటు కాపలాదారుతో నంగి నంగిగా మాట్లాడాడు. పక్క టేబులు వాళ్లు కూడా తిరిగి చూసి నవ్వారు. లోపల సిగ్గుతో చచ్చిపోతూనే, ఎక్కడ ఎంతసేపు ఆగితే నవ్వు రెట్టింపవుతుందో అక్కడ అంతసేపు ఆగాడు. పని బాగా వచ్చినవాడికి అదొక శాపం.

చప్పట్లు సద్దుమణిగాక పెద్దావిడ అడిగింది. “ఏ కాలు బాబూ?”

“ఏంటండీ?”

“ఆయన వంచలేకపోయిన కాలు. ఏ కాలు?”

“కుడికాలు” అన్నాడు ఫింటన్. ఎప్పుడూ కుడికాలే కుంటుతాడు. అతనికి అది వీలు.

“ఎడమ” అంది బ్రీడా.

ఈలోగా పాస్కల్ అందర్నీ లేపాడు. ఈ పబ్బు ఒకప్పుడు డిస్టిలరీ నుంచి పీపాలు కొని తెచ్చి, కింద నేలమాళిగలో తానే ముదరబెట్టి సీసాల్లో నింపుకునేది. ఆ ఖాళీ పీపాలు చూపించడం ప్రతి శనివారం పాస్కల్ వంతు. పది నిమిషాల పని. ఏడుగురూ మెట్లు దిగిపోయారు. మెట్లు దిగడం తన వల్ల కాదని పెద్దావిడ ఉండిపోయింది.

సంచిలోంచి ఒక చేతిరుమాలు మూట తీసి టేబులు మీద పెట్టి విప్పింది. అందులో మూరెడు రాగి గొట్టం. బిరడా లేదు. ఆవిడ దాన్ని ఫింటన్ గొట్టం పక్కన బోర్లించి నిలబెట్టింది. రెండిటి మీదా కోడిపెట్ట, రెండిటి మీదా పిల్లలు. రెండు నాణేలకీ అంచున ఒకే చోట టంకం ఎక్కువై బొట్టులా పొంగి ఉంది. ఒకే చెయ్యి పెట్టిన బొట్టు.

“ఇలాంటివి చేసేవాడు జత చేసుకుంటాడట. ఒకటి ఇంట్లో ఖాళీ అవుతుంటే రెండోది పనిలో నిండాలిగా” అంది బ్రీడా. “నీ దగ్గరున్నది నీకెలా వచ్చింది నాయనా?”

నిజం చెప్పడానికి ఇంతకన్నా మెత్తని అవకాశం ఏ మనిషికీ దొరకదు. అడిగినావిడ గొంతులో కోపం లేదు. చుట్టుపక్కల వినేవాళ్లు లేరు. ఫింటన్‌కి వంటింట్లో తలొంచుకుని కూర్చున్న అమ్మ గుర్తొచ్చింది. నాలుగో పబ్బు గోడ మీద తాత ఫోటో గుర్తొచ్చింది.

“పాత సామాన్ల సంతలో కొన్నానండీ” అన్నాడు.

“మీ తాతగారి దగ్గర్నుంచి వచ్చిందన్నావుగా ఇందాక.”

“కథ కోసం చెబుతామండీ. గైడులందరూ ఏదో ఒకటి కలుపుతారు.”

“అయితే మీ తాత పీపాలు చెయ్యలేదా?”

“లేదండీ. అదీ కథే” అన్నాడు.

తన మీద అతనికే అసహ్యం వేసింది. తాత పరువు కాపాడబోయి తాతనే లేకుండా చేశాడు. తన ఇంటిపేరు ట్రేనర్ అని మొదటి పబ్బులో తానే చెప్పుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ ముఖంలోకి చూడలేక, గ్లాసు అడుగున మిగిలిన విస్కీకేసి చూస్తూ కూర్చున్నాడు.

“బాగా చెప్పావు” అంది బ్రీడా. “బార్నీ కూడా ఇలాగే చెప్పాడట. మెత్తగా, తొందర పడకుండా.”

అప్పుడు చెప్పింది. క్రిస్టీ లాలర్ తన తండ్రి. పధ్నాలుగేళ్లప్పుడు పీపా మీద పడి ఎడమ మోకాలు చితికిపోయింది. అప్పట్నుంచి అది వంగదు. చర్చిలోనూ వంగదు, గేటు దగ్గరా వంగదు. తోటివాళ్లందరికీ తెలుసు. గేటు దగ్గర ఆ వారమే పనిలో చేరిన పల్లెటూరి కాపలాదారుకి మాత్రం తెలియదు. జేబులో గొట్టం బయటపడ్డా కూడా, ఆ మనిషి ఒక మాట అడిగాడట. ఇతనికి నిజంగా కాలు బాగోదా, లేక ఇందాక కాలికి గొట్టం ఉండబట్టే వంచలేదా అని, వెనక నిలబడ్డవాణ్ణి అడిగాడట.

“వెనక ఉన్నది బార్నీ. నాన్నతో తొమ్మిదేళ్లు ఒకే బల్ల మీద పనిచేశాడు. మా ఇంట్లో అన్నం తిన్నాడు. ‘నేనెప్పుడూ గమనించలేదు’ అన్నాడు. అంతే బాబూ. ఆ ఒక్క మాటే.”

ఈ ముక్క నూలాకి తెలియదు. లేక తెలిసీ చెప్పలేదో ఏమో. రెండు రోజులుగా ఫింటన్ తాత తరఫున తనలో తాను వాదించుకుంటున్నాడు. భయపడ్డాడు, చెయ్యి జారింది, క్షణంలో జరిగిపోయింది అని. ఇప్పుడు ఆ వాదన కూలిపోయింది. దిద్దుకోవడానికి తాతకి అవకాశం వచ్చింది. ఒక్క మాట అంటే చాలు. ఇందాక తనకి వచ్చినట్టే వచ్చింది. తను చేసినట్టే చేశాడు.

మేనేజరు గొట్టాన్ని క్రిస్టీ మొహాన విసిరి, నీ సొత్తు నువ్వే పట్టుకుపొమ్మన్నాడట. ఊళ్లో ఇంకెవరూ పని ఇవ్వలేదు. నెల తిరక్కుండా ఓడెక్కి కవెంట్రీ కార్ల ఫ్యాక్టరీకి పోయాడు. వెళ్లేలోపు ఆ నెల రోజులూ తల్లి చర్చికి వెళ్లలేదు, దుకాణానికి కూతుర్ని పంపింది. బ్రీడాకి అప్పుడు ఐదేళ్లు.

“మా వీధి పిల్లలు నా వెనకాల వచ్చేవాళ్లు” అంది. “కాలు బిగబట్టుకుని, అచ్చం నువ్వు నడిచినట్టే. నీకన్నా బాగా నడిచేవాళ్లు. వాళ్లకి కాలు తెలుసు, ఎడమదని.”

ఫింటన్ ఏదో అనబోయాడు. క్షమించమని అందామంటే, పది నిమిషాల కిందటి కుంటి నడక ఇంకా కాళ్లలోనే ఉన్నట్టుంది. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు?

“ఆ బ్యాడ్జి...” అన్నాడు ఎట్టకేలకు.

“నాన్నది. ఆయన జన్మలో చుక్క తాగి ఎరగరు. దొంగతనం అన్న రోజున తానే తీసేశారు. మళ్లీ పెట్టుకోలేదు. నేను పెట్టుకున్నాను.” గొట్టాన్ని మళ్లీ రుమాలులో చుట్టింది. “మనవరాలు ఫోన్‌లో నీ వీడియో చూపించింది. మొదట్నుంచి చివరిదాకా చూశారు. రెండోసారి పెట్టమన్నారు. తరవాత, ఆ కుర్రాడి నోటితోనే వింటాను, పద అన్నారు.”

ఫింటన్ తలెత్తాడు. “అన్నారా? అంటే...”

“తొంభై రెండు. ఇన్ని పబ్బులు నడవలేరని టాక్సీలో తెచ్చి మీ నాలుగో పబ్బులో కూర్చోబెట్టాను. టీ తాగుతున్నారు.”

మెట్ల మీద అడుగుల చప్పుడు, నవ్వులు. నేలమాళిగ చూసినవాళ్లు పైకి వస్తున్నారు. వాళ్లు దగ్గరికి వచ్చేలోపు ఆవిడ తొందరగా చివరి మాట చెప్పింది.

“ఆయనకి నీ కన్నీళ్లూ వద్దు, క్షమాపణలూ వద్దు. నువ్వు ఇన్నిసార్లు చెప్పిన చోట, ఇంతమంది మధ్య, దొంగ పేరు ఒక్కసారి సరిగ్గా చెప్పు. చెప్పకపోతే నేను నిన్నేమీ అనను. ఆయన టీ తాగేసి లేస్తారు, మేం వెళ్లిపోతాం.”

నాలుగో పబ్బు వంతెన దాటితే వస్తుంది. ఆరు నిమిషాల నడక. ఫింటన్ ముందు నడవాల్సినవాడు వెనకపడ్డాడు. దారిలో రెండు సందులున్నాయి, ఏదో ఒకదాంట్లోకి తిరిగితే ఇక్కడెవరికీ తన ఇల్లు తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు కూడా సిగ్గుపడ్డాడు. అమ్మకి ఫోన్ చేద్దామని తీసి, ఏం అడగాలో తెలియక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆమె మానెయ్ అంది. అతను మానలేదు. ఇప్పుడు ఆమె కడుపులో దాచుకున్నదంతా ఊరి మధ్య పరిస్తే ఆమె రేపు చర్చికి ఎలా వెళుతుంది? దుకాణానికి ఎవర్ని పంపుతుంది?

తలుపు తోసేసరికి మూల టేబులు దగ్గర ముసలాయన కనిపించాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, మెడకి టై, ముందు టీ కప్పు. ఎడమకాలు బల్ల కిందినుంచి తిన్నగా బయటికి చాచి ఉంది. సరిగ్గా ఆయన తలకి పైన గోడ మీద బార్నీ ట్రేనర్ ఫోటో. మూడేళ్ల కిందట ఫింటనే ఫ్రేము కట్టించి తగిలించాడు. కింద ‘నిజాయితీకి మారుపేరు’ అని రాయించింది కూడా అతనే. ఖాళీ టేబుళ్లు బోలెడున్నాయి. ముసలాయన కోరి అక్కడే కూర్చున్నాడు.

గ్లాసులు పోస్తుండగా కౌంటర్ మీది రేడియోలో ఆరింటి గంట మొదలైంది. ఈ రోజుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. క్రిస్టీ లాలర్ టోపీ తీశాడు. బల్ల అంచు పట్టుకుని, కూతురు సాయానికి రాబోతే వద్దని, మెల్లగా లేచి నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. ఆ వాక్యం దగ్గర తల వంచాడు. మోకాలు వంగలేదు. పొడుగ్గా ఉన్న స్వీడన్ కుర్రాడు ఆ తిన్నని కాలు చూశాడు, ఫింటన్‌ని చూశాడు. అతని ముఖంలో నవ్వు ఆరిపోయింది.

గంట ఆగింది. ముసలాయన కూర్చుని, ఎదురు కుర్చీ చూపించాడు.

“నువ్వేనా బార్నీ మనవడివి?”

“అవునండీ” అన్నాడు ఫింటన్. మధ్యాహ్నం నుంచి అతను చెప్పిన మొదటి నిజం అది.

“కళ్లు ఆయనవే. మంచి పనివాడు మీ తాత. ఆయన బిగించిన పీపా ఒక్క చుక్క కారేది కాదు.” టీ కప్పు పక్కకి జరిపాడు. “నీ కథ చెప్పు. నేను మధ్యలో మాట్లాడను.”

బ్రీడా రుమాలు విప్పి తన గొట్టాన్ని బల్ల మీద పెట్టింది. ఫింటన్ జేబులోంచి తనది తీసి దాని పక్కన నిలబెట్టాడు. ఏమిటో తెలియకపోయినా, ఏదో జరగబోతోందని అందరికీ అర్థమైంది. కెనడా ఆయన అలవాటు కొద్దీ ఫోన్ పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. ఆపమనాలని ఫింటన్‌కి అనిపించింది. మొదటి వీడియో చూసినవాళ్లంతా దీన్నీ చూస్తారు. అమ్మ చూస్తుంది. అనుకున్నాడు గాని, ఆపమనలేదు.

“ఈ గొట్టం కాలికి కట్టుకున్న మనిషి పేరు” అన్నాడు.

ఆరేళ్లుగా తడుముకోకుండా వచ్చిన వాక్యం అక్కడ ఆగిపోయింది. గోడ మీదినుంచి తాత చూస్తున్నాడు. గొంతులోంచి ఏదో పేరు బయటికి వచ్చింది గాని, పెదవులు దాటినట్టే లేదు.

క్రిస్టీ లాలర్ ముందుకి వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

“గట్టిగా చెప్పు నాయనా” అన్నాడు. “నాకు సరిగ్గా వినపడదు.”